'అనాది ఆచారం' ఎవరి మాట? మహాడ్ చెరువు వ్యాజ్యం మనకు నేర్పినది

ఏ సమాజంలోనైనా కొన్ని సంగతులకు ఎవరూ కారణం చెప్పరు. అవి 'మామూలు' అనిపించుకుంటాయి. వాటిని పాటించేవారిని ఎవరూ ప్రశ్నించరు. కాదన్నవారే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఊరు ఒకచోట, వాడ మరొకచోట ఉండటం మామూలు. ఒకరు బావిలో చేద వేసి నీళ్ళు తోడుకోవడం, మరొకరు దూరాన కడవ పెట్టుకుని ఎవరైనా దయతలచి పోసేదాకా నిలబడటం మామూలు. ఈ మామూలును ఎవరు నిర్ణయించారు, ఎప్పుడు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు అని మన పూర్వులు అడిగినప్పుడల్లా వారికి దొరికిన జవాబు ఒక్కటే: ఇది అనాదిగా వస్తున్న ఆచారం.

మామూలు అనే మాట మనకు ఉర్దూ నుండి వచ్చింది. వాడుక, రివాజు అని దాని అర్థం. ఆ మాటకే తెలుగునాట లంచం అనే అర్థం కూడా స్థిరపడింది. ఒకసారి బలవంతాన ఇచ్చినది పదిసార్లు ఇచ్చేసరికి హక్కుగా మారి, పుచ్చుకునేవాడు దర్జాగా అడిగే స్థితి వస్తుందని ఆ అర్థపరిణామమే తెలుపుతున్నది. ఆచారాల పుట్టుక కూడా చాలావరకు ఇలాంటిదే.

అయితే ఈ 'అనాది ఆచారం' అనే మాటను మన దేశంలో ఒక సందర్భంలో న్యాయస్థానం ముందు రుజువు చేయవలసి వచ్చింది. అదే మహాడ్ చెరువు వ్యాజ్యం. ప్రతి సంవత్సరం మార్చి 20న మనం మహాడ్ సత్యాగ్రహాన్ని స్మరించుకుంటాం. డిసెంబరు 25న మనుస్మృతి దహనాన్ని గుర్తు చేసుకుంటాం. కానీ ఆ తరువాత పదేళ్ళపాటు న్యాయస్థానాల్లో నడిచిన కథ మన సభల్లో అంతగా వినిపించదు. 'మామూలు'ను ఎవరు నిర్ణయిస్తారు అనే ప్రశ్నకు ఆ కథలో చాలావరకు జవాబు ఉన్నది. దానిని పరిశీలించి, అది నేటి బౌద్ధులమైన మనల్ని ఏమి అడుగుతున్నదో ఆలోచించడమే ఈ వ్యాస లక్ష్యం.

చెరువు గట్టు మీద

మహాడ్ అప్పటి బొంబాయి ప్రెసిడెన్సీలో కొలాబా జిల్లాకు, నేడు రాయగఢ్ జిల్లాకు చెందిన పట్టణం. ఆ పట్టణానికి చేరువలోనే గాంధార్‌పాలే కొండలో ప్రాచీన బౌద్ధ గుహలు ఉన్నాయి. పట్టణంలో చవదార్ చెరువు ఉంది. ఆ నీటిని సవర్ణ హిందువులు వాడుకునేవారు. ముస్లిములు, క్రైస్తవులు వాడుకున్నా ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. పశువులు తాగినా చెరువు మైలపడేది కాదు. అంటరానివారని ముద్రపడిన కులాలవారు తాకితే మాత్రం మైలపడేది.

1923 ఆగస్టులో సీతారాం కేశవ్ బోలే ప్రవేశపెట్టిన ఒక తీర్మానాన్ని బొంబాయి శాసన మండలి ఆమోదించింది. ప్రభుత్వ ధనంతో నిర్మించిన, నిర్వహించే నీటి వనరులను, సత్రాలను, పాఠశాలలను, కచేరీలను, వైద్యశాలలను అంటరానివారు కూడా వాడుకోవచ్చునని దాని సారాంశం. ఆ తీర్మానాన్ని అనుసరించి 1924లో మహాడ్ మునిసిపాలిటీ తన చెరువును అందరికీ తెరుస్తున్నట్లు తీర్మానించింది. అయినా మూడేళ్ళపాటు ఒక్క దళితుడు కూడా ఆ గట్టు దిగలేకపోయాడు. కాగితం మీద అనుమతి ఉంది; గట్టు మీద భయం ఉంది.

1927 మార్చి 19, 20 తేదీలలో అక్కడ కొలాబా జిల్లా అణగారిన వర్గాల సభ జరిగింది. రెండవనాడు డాక్టర్ అంబేడ్కర్ ముందు నడవగా సభికులు ఊరేగింపుగా చెరువుకు వెళ్ళి నీళ్ళు తాగారు. మునిసిపాలిటీ అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ వంటి కొందరు సవర్ణులు కూడా ఆ ప్రయత్నానికి అండగా నిలిచారు. కొన్ని గంటల్లోనే, వీరేశ్వరాలయంలో కూడా వీరు ప్రవేశించబోతున్నారనే పుకారు పుట్టింది. అన్నం తింటున్నవారి మీద, ఊళ్ళకు తిరిగి వెళ్తున్నవారి మీద కర్రలతో దాడులు జరిగాయి. ఆ తరువాత ఆవుపేడ, పంచితం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలను చెరువులో గుమ్మరించి నీటిని శుద్ధి చేశామని సవర్ణులు ప్రకటించుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టు 4న మునిసిపాలిటీ తన 1924 నాటి తీర్మానాన్ని రద్దు చేసింది.

ఈ వరుసను మనం నిదానంగా చూడాలి. అంటరానితనం సహజమైనదే అయితే దానిని నిలబెట్టడానికి ఇన్ని పనులు ఎందుకు? నీరు పల్లానికి పారడానికి ఎవరూ తీర్మానం చేయరు. సూర్యుడు తూర్పున ఉదయించడానికి ఎవరూ కర్రలు పట్టుకుని కాపలా కాయరు. ఒక కట్టుబాటును కాపాడటానికి పుకారు, దాడి, తంతు, తీర్మానం అన్నీ కావలసివచ్చాయంటే, అది ప్రకృతి ధర్మం కాదనీ, కొందరు మనుషులు ఎప్పటికప్పుడు పూనుకుని నిలబెడుతున్న ఏర్పాటు అనీ స్పష్టమవుతున్నది.

డిసెంబరులో రెండవ సభ జరిగింది. సభకు స్థలం ఇవ్వడానికి సవర్ణులెవరూ ముందుకు రాకపోగా, ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలాన్ని ఇచ్చాడు. ఆ సభను బాబాసాహెబ్ 1789 నాటి ఫ్రెంచి జాతీయ సభతో పోల్చారు. ఈ నీళ్ళు తాగకపోతే మనం చచ్చిపోము, తాగితే అమరులమూ కాము. మనమూ అందరివంటి మనుషులమేనని స్థాపించడానికే ఇక్కడికి వచ్చామని ఆయన వివరించారు. డిసెంబరు 25 రాత్రి మనుస్మృతిని దహనం చేశారు. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన గంగాధర్ నీలకంఠ్ సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడు.

ఆ సభలోనే బాబాసాహెబ్ స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని దూరం నుండే చాటిచెప్పే చీరకట్టును, బరువైన నగలను విడిచిపెట్టమని, పరిశుభ్రంగా ఉండమని, బిడ్డలను చదివించమని కోరారు. వారు వెంటనే కట్టు మార్చుకున్నారు. చీర ఎంత పొడవు ఉండాలో, ఏ లోహపు నగ పెట్టుకోవాలో అంతదాకా ఇతరులు నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని ఆ స్త్రీలు తమ చేతుల్లోకి తీసుకున్నారు. చెరువులో నీరు తాగడం ఎంత పెద్ద పనో, ఇదీ అంత పెద్ద పనే.

న్యాయస్థానంలో

రెండవ సభకు ముందే, 1927 డిసెంబరు 12న, మహాడ్ సవర్ణులు కొందరు బాబాసాహెబ్ మీద, ఆయన సహచరుల మీద దావా వేశారు. చవదార్ చెరువును అంటరానివారు తాకకుండా ఉండటం అనాది ఆచారమని, ఆ ఆచారం వల్ల తమకు ప్రత్యేకమైన హక్కు ఏర్పడిందని వారి వాదన. రెండు రోజుల్లో తాత్కాలిక నిషేధాజ్ఞ వచ్చింది. న్యాయస్థానాన్ని గౌరవించి సభ ఆ డిసెంబరులో చెరువు సత్యాగ్రహాన్ని వాయిదా వేసుకుంది. 1928 ఫిబ్రవరిలో ఆ నిషేధాజ్ఞ తొలగింది. 1931లో మహాడ్‌లోని తొలి న్యాయస్థానం, 1933లో ఠాణాలోని అప్పీలు న్యాయస్థానం దావాను తోసిపుచ్చాయి. చివరకు 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు కూడా అదే నిర్ణయాన్ని ఖాయం చేసింది.

ఆచారానికి చట్టబలం రావాలంటే అది ప్రాచీనమై ఉండాలి, నిశ్చితమై ఉండాలి, యుక్తియుక్తమై ఉండాలి. ఇది న్యాయశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. కనుక అనాది అనే మాటను వాదులు సాక్ష్యంతో నిరూపించవలసి వచ్చింది. తమకు గుర్తున్నంతకాలంగా దళితులు ఆ చెరువుకు రాలేదని చెప్పగలిగారు. కానీ రాకపోవడం వేరు, రానివ్వకుండా ఆపే హక్కు వేరు. చెరువు మునిసిపాలిటీది. ఒకరు వాడుకున్నంత మాత్రాన, మరొకరు వాడుకోనంత మాత్రాన వాడుకున్నవారికి అది సొంతం కాదు. అనాది ఆచారం రుజువు కాలేదని హైకోర్టు తేల్చింది.

ఇందులో మనం గ్రహించవలసిన విషయం ఒకటున్నది. వందలాది ఊళ్ళలో, లక్షలాది మనుషుల మీద అధికారం చలాయించిన 'అనాది ఆచారం' అనే మాట, సాక్ష్యం చూపించమని అడిగిన ఈ వ్యాజ్యంలో నిలబడలేకపోయింది. దాని బలం ప్రాచీనత నుండి రాలేదు. ఎవరూ సాక్ష్యం అడగకపోవడం నుండి వచ్చింది. అడిగేవారికి ఊళ్ళో పని దొరకదు, తిండి దొరకదు, ప్రాణాలకు భరోసా ఉండదు. అందువల్ల ఎవరూ అడగలేదు. ఆ నిశ్శబ్దాన్నే చూపించి, చూశారా, అందరికీ ఇది సమ్మతమే అన్నారు.

తీర్పు చేరలేని చోటు

ఇంతటితో ఈ కథను విజయగాథగా ముగించవచ్చు. కానీ అది సగం సత్యమే అవుతుంది. హైకోర్టు చెప్పినది ఆచారం అన్యాయమని కాదు. ఆచారం రుజువు కాలేదని. ఒకవేళ రుజువై ఉంటే?

ఆ ప్రశ్నకు జవాబు మరో వ్యాజ్యంలో ఉన్నది. తమిళనాట రామనాథపురం ప్రాంతంలోని కాముది ఆలయంలో నాడార్లు ప్రవేశించినందుకు వ్యాజ్యం నడిచింది. 1908లో లండనులోని ప్రివీ కౌన్సిల్ ఆచారం ప్రకారం నాడార్లకు ప్రవేశం లేదని తీర్పు చెప్పింది. అక్కడ ఆచారం రుజువయింది. కనుక అవమానం హక్కుగా మారింది. ఒకే రకమైన ప్రశ్న, రెండు జవాబులు. రెండింటికీ కొలత ఒక్కటే: పాతదా, కాదా? మంచిదా, చెడ్డదా అన్నది ఆ కొలతలో ప్రధానం కాదు.

మహాడ్ వ్యాజ్యం నడిచిన ఆ పదేళ్ళలోనే బాబాసాహెబ్ ఆలోచన ఎటు సాగిందో గమనిస్తే ఈ విషయం మరింత బోధపడుతుంది. 1927లో ఆయన హిందూ సమాజంలో సమానమైన చోటు కోరారు. 1930లో నాసిక్ కాలారామ్ ఆలయం ముందు సత్యాగ్రహం మొదలైంది. 1935 అక్టోబరులో యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా మరణించనని ప్రకటించారు. 1936లో కులనిర్మూలన గ్రంథం వెలువడింది. 1937లో చెరువు తీర్పు వచ్చేనాటికి ఆయన ఆ చెరువును దాటి చాలా దూరం వచ్చేశారు. ఇతరుల మామూలులో మనకింత చోటు ఇమ్మని అడగడం ఒకటి. ఆ మామూలును కొలిచే కొలబద్దనే మార్చడం మరొకటి. 1956 అక్టోబరు 14న నాగపూరులో జరిగినది రెండవది.

ధమ్మం చూపే కొలత

ధమ్మం అనే పాళీ పదానికి ఇంగ్లీషులో ఏ మాట వాడాలా అని పాశ్చాత్య పండితులు చాలా ఆలోచించారు. కరోలిన్ రైస్ డేవిడ్స్ 1912లో వెలువరించిన తన బౌద్ధ గ్రంథంలో 'నార్మ్' అనే మాటను ఎంచుకున్నారు. ప్రమాణం, కొలబద్ద అని దాని భావం. అంటే ప్రపంచంలో రెండు రకాల కొలబద్దలు ఉన్నాయి. నలుగురూ చేసేదే సరియైనదనేది ఒకటి. దుఃఖాన్ని పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా అని పరీక్షించేది రెండవది. తథాగతుడు బోధించినది రెండవదాన్ని.

మజ్ఝిమనికాయంలోని అస్సలాయన సుత్తంలో ఒక బ్రాహ్మణ యువకుడు తన వర్ణమే శ్రేష్ఠమని వాదించడానికి వస్తాడు. బుద్ధుడు అతనిని ఎదురు ప్రశ్నలు అడుగుతాడు. యోన, కాంభోజ దేశాలలో నాలుగు వర్ణాలు లేవు గదా, యజమాని, దాసుడు అనే రెండే తరగతులు ఉన్నాయి గదా, అక్కడ యజమాని దాసుడు కావచ్చు, దాసుడు యజమాని కావచ్చు గదా అని గుర్తుచేస్తాడు. సరిహద్దు దాటగానే మారిపోయే ఏర్పాటు ప్రకృతి నియమం ఎలా అవుతుందని దాని అంతరార్థం. వాసెట్ఠ సుత్తంలో గడ్డికి, చెట్టుకు, పురుగుకు, చేపకు, పక్షికి పుట్టుకతోనే వేరువేరు గుర్తులు ఉన్నాయనీ, మనుషులలో అటువంటి జాతిభేదపు గుర్తులు ఏ అవయవంలోనూ కనిపించవనీ వివరిస్తాడు. మనుషుల మధ్య భేదాలు పేర్లు మాత్రమే. ఆ పేర్లు పెట్టినవారు మనుషులే.

కేసపుత్తలో కాలాములకు చేసిన బోధ మనందరికీ తెలిసినదే. పరంపరగా వస్తున్నదనో, గ్రంథంలో ఉన్నదనో, చెప్పినవాడు గురువనో ఒక మాటను అంగీకరించవద్దన్నాడు. అయితే ఎవరికి తోచినది వారు చేసుకోవచ్చునని ఆయన చెప్పలేదు. ఈ భాగాన్ని మనం తరచుగా మరచిపోతాం. ఆ పని లోభం నుండి, ద్వేషం నుండి, మోహం నుండి పుట్టిందా, దాని వల్ల మనకూ ఇతరులకూ హాని కలుగుతున్నదా అని పరీక్షించమన్నాడు. కనుక ఏది మామూలు అనేది నిర్ణయించే అధికారం అధిక సంఖ్యాకులకూ లేదు, ఒంటరి మనిషి ఇష్టానికీ లేదు. ఆ నిర్ణయం వల్ల బాధపడేవారి బాధను లెక్కలోకి తీసుకున్న విచారణకే ఆ అధికారం ఉన్నది. మహాడ్ వాదులు తమ దావాలో లెక్కించనిది దానినే.

దివ్యావదానంలోని శార్దూలకర్ణావదానంలో ఆనంద భిక్షువు బావి దగ్గర ఒక మాతంగ కన్యను నీళ్ళు అడుగుతాడు. తాను మాతంగినని ఆమె హెచ్చరిస్తుంది. తాను అడిగినది నీళ్ళనే గాని కులాన్ని కాదని అతడు బదులు చెబుతాడు. మహాడ్‌లో జరిగిన పోరాటం కూడా నీటి గురించే కావడం యాదృచ్ఛికం కాదు. మనిషి లేకుండా బతకలేని వస్తువు దగ్గరనే కులం తన కాపలా పెడుతుంది.

అమరావతి రాతి సాక్ష్యం

అనాది అనే మాటకు మన తెలుగు నేలలో మరొక జవాబు ఉన్నది. అది రాతి మీద ఉన్నది. అమరావతి మహాస్తూపానికి దానాలు చేసినవారి పేర్లు శాసనాలలో చెక్కి ఉన్నాయి. గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు వారిలో ఉన్నారు. వారితోపాటు విధికుడు అనే చర్మకారుడు కూడా ఉన్నాడు. తన తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని ఆ శాసనం చెబుతున్నది. తల్లి, భార్య, సోదరులు, బిడ్డలు, బంధువులతో కలిసి విధికుడు స్తూపానికి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించాడు.

ఈ కొద్ది మాటల్లో ఎంత చరిత్ర ఉన్నదో ఆలోచించాలి. తోలుపని చేసేవాడు తన వృత్తిని దాచుకోలేదు. పేరుకు ముందు చెక్కించుకున్నాడు. అతని తండ్రి బోధించేవాడు. అతని దానాన్ని సంఘం స్వీకరించి, పవిత్ర స్తూపంలో అమర్చింది. అతడిచ్చిన ఫలకం మీద ఉన్నది నిండు నీటికుండ. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కృష్ణా తీరంలో ఇది జరిగింది. అందువల్ల ఆనాటి ఆంధ్రదేశంలో భేదాలే లేవని మనం గొప్పలు పోనక్కరలేదు. కానీ చర్మకారుని స్పర్శ అనాదిగా మైల అని ఎవరైనా అంటే, ఆ అనాది ఈ రాయి కంటే ముందుదా, తరువాతిదా అని అడిగే హక్కు మనకు ఉన్నది. అమరావతి శిల్పకళలోని ఆ పూర్ణఘటమే నేడు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో నెలకొన్నది.

అదే ఆంధ్రతీరంలో, 1985 జులైలో, కారంచేడులో ఏమి జరిగిందో మనం మరువలేము. దళితులు తాగే నీటి చెరువు దగ్గర గేదెలకు పెట్టిన కుడితి బకెట్లు కడిగి నీటిని పాడుచేస్తుంటే అభ్యంతరం చెప్పారు. కొట్టడానికి వచ్చినప్పుడు ఒక దళిత స్త్రీ తన చేతిలోని బిందెను ఎత్తి అడ్డుకున్నది. మర్నాడు, జులై 17న, వాడ మీద దాడి జరిగి ఆరుగురు దళితులు హతులయ్యారు. నీళ్ళు పాడుచేయడం అక్కడ మామూలు. బిందె ఎత్తడం అపరాధం. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణం అప్పటికి 35 ఏళ్ళుగా అమలులో ఉన్నది. మహాడ్‌లో మునిసిపాలిటీ తీర్మానానికి పట్టిన గతే ఇక్కడ రాజ్యాంగానికీ పట్టింది.

పేరు పెట్టే అధికారం

మామూలును నిర్ణయించేవారు ముందుగా పేర్లు పెడతారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మనవారిని 'పంచములు' అన్నారు. వర్ణాలు నాలుగేననీ ఐదవది లేదనీ మనుస్మృతి పదవ అధ్యాయమే చెబుతున్నది. శాస్త్రంలో లేని పేరును శాస్త్రం పేరు చెప్పి తగిలించారన్నమాట. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆ పేరును తిరస్కరించి 'ఆది ఆంధ్ర' అనే పేరును స్వీకరించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం దానిని అంగీకరించింది. హైదరాబాదులో బుద్ధ జయంతిని జరిపించి, తెలుగువారికి తథాగతుని తిరిగి పరిచయం చేసిన తొలి తరంవారిలో భాగ్యరెడ్డి వర్మ ఒకరు. అంతకుముందే 1898లో పండిత అయోతిదాసు శ్రీలంకకు వెళ్ళి పంచశీలం స్వీకరించి, మద్రాసులో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. ఈ ఇద్దరూ చేసిన మొదటి పని ఒక్కటే: తమ జనం ఎవరో తామే చెప్పుకోవడం.

స్వతంత్ర భారతంలో కూడా పేరు పెట్టే అధికారం ప్రభుత్వం దగ్గర ఉన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చలేదు. 1956లో సిక్కులకు అందులో చోటు దొరికింది. బౌద్ధులకు 1990 దాకా దొరకలేదు. దీక్ష తీసుకున్న తరువాత 34 సంవత్సరాలపాటు, కేంద్ర జాబితా దృష్టిలో మనం అంటరానితనం అనుభవించినవారమే కాకుండా పోయాము. ఊరు మాత్రం ఒక్కరోజు కూడా మన కులాన్ని మరువలేదు. చదువు, ఉద్యోగం పోతాయని భయపడి ఎన్నో కుటుంబాలు ఇంట బౌద్ధులుగా, పత్రాల్లో హిందువులుగా జీవించవలసి వచ్చింది. నేడు బౌద్ధులకు ఆ అడ్డు తొలగింది. క్రైస్తవం, ఇస్లాం స్వీకరించిన దళితులకు ఇంకా తొలగలేదు. మనం అనుభవించిన చిక్కునే అనుభవిస్తున్నవారి పట్ల మన వైఖరి ఏమిటన్నది మన ధమ్మానికి ఒక పరీక్ష.

సంఘంలో చొరబడిన ఆచారం

ఇంతవరకు ఇతరుల ఆచారాల గురించి మాట్లాడుకున్నాము. బౌద్ధుల చరిత్రను కూడా అదే కొలతతో చూడాలి. లేకపోతే మన విచారణ పక్షపాతమవుతుంది.

బుద్ధుని కాలంలో శాక్య రాకుమారులు సంఘంలో చేరవచ్చినప్పుడు, తమ కులగర్వం అణగడం కోసం తమ క్షురకుడైన ఉపాలికి ముందుగా దీక్ష ఇవ్వమని కోరారని వినయపిటకం చెబుతున్నది. వారు ఉపాలికి జీవితాంతం నమస్కరించవలసి వచ్చింది. వినయాన్ని అందరికంటె బాగా ఎరిగినవాడుగా ఆ ఉపాలి ప్రసిద్ధుడయ్యాడు. 1753లో శ్రీలంకలోని కండిలో భిక్షుదీక్షా పరంపరను పునరుద్ధరించడానికి సయాం దేశం నుండి వచ్చిన మహాథేరుని పేరు కూడా ఉపాలియే. కానీ కొద్దికాలంలోనే ఆ సయాం నికాయంలో ఉన్నత దీక్ష గోవిగమ కులస్థులకే పరిమితమయింది. క్షురకుడైన ఉపాలి ముందు శాక్యులు తలవంచిన సంఘంలో, కులం చూసి దీక్ష ఇవ్వడం మామూలయింది.

దక్షిణ తీరంలోని ఇతర కులాలవారు దీనిని సహించలేదు. అంబగహపిటియే జ్ఞానవిమల మొదలైనవారు సముద్రం దాటి బర్మాలోని అమరపురకు వెళ్ళి దీక్ష పొంది, 1803లో తిరిగి వచ్చారు. అమరపుర నికాయం అలా పుట్టింది. వారు కొత్త ధమ్మాన్ని కనిపెట్టలేదు. ఆచారాన్ని ధమ్మంతో కొలిచి చూశారు, అంతే. సయాం నికాయంలో ఆ కట్టుబాటు నేటికీ పూర్తిగా పోలేదు. కాషాయం కట్టినంత మాత్రాన, త్రిశరణం పలికినంత మాత్రాన కులం తనంతట తాను తొలగిపోదని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

మన ఇళ్ళలో మామూలు

మరి మన సంగతి? విహారంలో పక్కపక్కన కూర్చుని వందన చేసే కుటుంబాలు పెళ్ళి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి ఏమి చేస్తున్నాయి? మనలోనే మాల, మాదిగ, రెల్లి, ఇతర కులాల గీతలు చెరగకుండా నిలిచి ఉన్నాయని మనకందరికీ తెలుసు. 'మనవాళ్ళేనా?' అనే ప్రశ్న మన వరండాల్లోనూ వినబడుతున్నది. అడిగినవారిని కారణం అడిగితే, మాదేముంది, పెద్దలు ఒప్పుకోరు, ఇది ఎప్పటినుంచో ఉన్నదే అంటారు. మహాడ్ వాదులు న్యాయస్థానంలో చెప్పినదీ ఇదే.

చట్టం వైపు నుండి కూడా ఒక చిక్కు ఉన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టం బౌద్ధులకు కూడా వర్తిస్తుంది. వధూవరులలో ఒకరి ఆచారం ప్రకారం జరిగిన వివాహాన్ని ఆ చట్టం గుర్తిస్తుంది. ఆచారం అంటే చాలాకాలంగా ఎడతెగక, ఒకే రీతిగా పాటించబడుతున్నదని ఆ చట్టమే నిర్వచించింది. కొత్తగా ధమ్మంలోకి వచ్చినవారి వివాహవిధికి అంత దీర్ఘకాలం ఎక్కడిది? ఆనాడు వెలివేసేవారిని సాక్ష్యం అడిగిన సూత్రమే నేడు వెలిని వదిలించుకున్నవారిని కూడా అడుగుతున్నది. కనుక మన వివాహవిధిని అన్ని విహారాలలో ఒకే రీతిగా జరపడం, విహారపు రిజిస్టరులో వ్రాయించడం, ప్రభుత్వ కార్యాలయంలో తప్పక నమోదు చేయించడం అవసరం. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహం చేసుకునే మార్గమూ ఉన్నది. ముందు తరాలకు ఒక మంచి ఆచారాన్ని పత్రాలతో సహా అప్పగించడం కూడా ధమ్మకార్యమే.

ఆచారాలన్నిటినీ తోసివేయడం బౌద్ధమార్గం కాదు. మనిషి ఆచారం లేకుండా జీవించలేడు. వైశాఖ పూర్ణిమ నాడు తెల్లని వస్త్రాలు ధరించడం, పంచశీలం చెప్పుకోవడం, అక్టోబరు 14న దీక్షాదినం జరుపుకోవడం మన ఆచారాలే. వీటిలో కొన్నిటికి ఇంకా వంద సంవత్సరాలు కూడా నిండలేదు. అవి కొత్తవైనంత మాత్రాన తక్కువవి కావు. ఎవరినీ గట్టు అవతల నిలబెట్టకుండా జరుపుకోగలుగుతున్నామా అన్నదే వాటికి పరీక్ష. ఇరవై రెండు ప్రతిజ్ఞలు స్వీకరించిన నాడు, మన మామూలు ఏదో మనమే విచారించి నిర్ణయించుకునే బాధ్యతను కూడా స్వీకరించాము. ఒకసారి నిర్ణయించి ఊరుకుంటే ఆ బాధ్యత తీరదు. అమరపురకు ఓడ ఎక్కినవారి వలె ప్రతి తరమూ దానిని తిరిగి నెరవేర్చవలసి ఉంటుంది.

ఈ సంవత్సరం మార్చి 20న మహాడ్‌ను స్మరించుకునే ప్రతి విహారంలోనూ, ఉపన్యాసాలు ముగిసిన తరువాత, ఒక గంటసేపు ఈ ప్రశ్న మీద చర్చ జరగాలని మనం కోరుకుందాం: మన వాడలో, మన విహారంలో, మన ఇంట్లో ఎవరికి ఇంకా చెరువు తెరుచుకోలేదు? స్త్రీలకా, ఉపకులాలవారికా, వేరే కులం వారిని పెళ్ళాడినవారికా, అంగవైకల్యంతో మెట్లు ఎక్కలేనివారికా? జవాబు చెప్పవలసినది వేదిక మీది పెద్దలు కాదు. గట్టు మీద నిలబడి ఉన్నవారు. వారు చెప్పేది మనం వినాలి.

నమో బుద్ధాయ! జై భీమ్!